నల్లబడని గీత

బార్మత్‌లో సముద్రపు తుంపర కిటికీ దాకా కొడుతున్న ఉదయం
ఆటోక్లేవ్ తలుపు తెరిచింది మెరెరిడ్.
పొట్లం మీది గీత నల్లబడలేదు,
టీ రంగు దగ్గరే ఆగిపోయింది.

"ఆ మాత్రం చాల్లే" అన్నాడు డాక్టర్ ఇద్వాల్
గడియారం వైపు చూస్తూ.

కుర్చీలో పడవల మెకానిక్కు,
దవడ వాచి, నోరంతా తెరుచుకుని.
అంత నోరు తెరిచినవాడు
నోరు తెరిచి ఏమడుగుతాడు?

పటకార్లు మళ్ళీ లోపల పెట్టింది.
పద్దు పుస్తకంలో
తొమ్మిది నలభై, ఫెయిల్, అని రాసి
కింద తన పేరు, పొడి అక్షరాలు కాదు,
పూర్తిగా.

పద్దెనిమిది నిమిషాలు
ఆ గదిలో పెట్టె ఒక్కటే బుసకొట్టింది.

పన్ను ఊడొచ్చాక అతను
డాక్టర్ చెయ్యి పట్టుకుని ఊపాడు, ఊపాడు.
మెరెరిడ్ అప్పటికే సింకు దగ్గర,
మోచేతుల దాకా నురగ.