గీత

మికొలాయివ్‌లో కరెంటు లేని మధ్యాహ్నం,
కిటికీ పక్కన ప్రూఫులు దిద్దుతోంది ఒదార్కా.

దెమ్యాన్ వాక్యాలు పొడుగు.
కామా మీద కామా.
బండి దొరకని చుట్టంలా
క్రియ ఎప్పటికోగానీ రాదు.
అతనున్నన్నాళ్లూ దీనిమీదే పోట్లాట:
"ఊపిరాడదయ్యా చదివేవాడికి."
"ఆడకూడదు."

నూట పన్నెండో పేజీలో మాత్రం
పొట్టిది ఒకటి:
మా ఇల్లు — రేవు పక్కన.

వాళ్ల భాషలో వర్తమానానికి "ఉంది" అక్కర్లేదు,
చిన్న గీత చాలు.
గతానికే కావాలి క్రియ.

రేవు పక్కన ఇప్పుడేముందో ఆమెకు తెలుసు.
"ఉండేది" అని రాయబోయి
పెన్సిలు చెక్కుకుంది.
మళ్లీ చెక్కుకుంది.

అచ్చులో గీత మరీ పొట్టిగా పడింది;
పొడిగించమని
మార్జిన్‌లో రాసింది.