కాశీబుగ్గలో సలహా మండలి

గోడకి ఆసియా పటం.
ఎంత సాపు చేసినా పోని మడత ఒకటి
సరిగ్గా మా తీరం మీదుగా దిగింది.
టోక్యో కనిపిస్తోంది, జకార్తా కనిపిస్తోంది.
పలాస మడతలో ఉంది.

విధానాలు తెలిసినవారూ నవకల్పనలు తెలిసినవారూ
ఎనిమిది మంది నిపుణులు.
విశాఖ నుంచి రైల్లో మూడున్నర గంటలు,
ఆలస్యం కలుపుకుంటే ఐదు.
తొమ్మిదో కుర్చీకి కాగితం అంటించి ఉంది:
స్థానిక నిపుణులు.
పేరు తరవాత రాస్తారట.

నేను దుబాసీని. మినిట్స్ రాసేదీ నేనే.
తెలుగులో ఎవరూ ఏమీ అనరు కనుక
పొద్దున్నంతా సగం పనే చేశాను.

లాడ్జి పై అంతస్తు హాలు.
రాత్రి ఎవరిదో రిసెప్షన్, తోరణాలింకా విప్పలేదు.
వాడిన బంతుల కింద నిలబడి
సియోల్ ఆచార్యుడు గ్రాఫు చూపించాడు.
వేలిముద్రతో రేషను, వేలిముద్రతో పింఛను,
తొంభై ఎనిమిది శాతం విజయం.
చప్పట్లు.
చప్పట్లని నేను అనువదించలేదు.

"మిగతా రెండు శాతం ఎక్కడుంటారు?"
అడిగింది వియత్నాం నుంచొచ్చిన డాక్టర్ థు.
"అవుట్‌లయర్స్" అన్నారెవరో.
ఆ మాటకి తెలుగు వెతుక్కుంటూండగా
రెండు శాతం
టీ పట్టుకుని లోపలికొచ్చింది.

బమ్మిడి తవిటమ్మ.
ఇరవై రెండేళ్ళు జీడిపిక్కలు కొట్టింది.
బట్టీ మూతపడ్డాక ఇక్కడ టీ, తుడుపు.
బూడిద పూసుకున్నా ఆముదం రాసుకున్నా
జీడి ఊరుకోదు, ఆ పేరు ఊరికే రాలేదు.
అరచేతులు నల్లగా, వేళ్ళ కొనలు నున్నగా,
బొమ్మా బొరుసూ అరిగిన బిళ్ళల్లా.
ట్రేకి చోటు దొరక్క
తొమ్మిదో కుర్చీలో పెట్టింది.

డాక్టర్ థు అడగమంటే అడిగాను.

"నా ఏలు మిసను ఒప్పుకోదమ్మా.
మూడు నెల్లకో పాలి ఒప్పుకుంతాది,
ఆ దినం కొబ్బరికాయ కొడతాను.
నేకపోతే డీలరు బాబు,
'నువ్వు నువ్వేనని మిసను అన్నేదే తవిటమ్మా' అంతాడు.
నాను నానే గదేటి?"

ఇది చెప్పాలి ఇప్పుడు, ఎనిమిది మందికి.
నాలుగు రకాలుగా ప్రయత్నించాను.
చివర్లో ఉన్న ఆ 'ఏటి'
ఎందులోకీ దిగలేదు.

డాక్టర్ థు లేచి వచ్చింది.
తన కుడి చెయ్యి తవిటమ్మ చెయ్యి పక్కన చాపింది.
చూపుడు వేలి మీద పాత మచ్చ.
తవిటమ్మ దాన్ని బొటనవేలితో రుద్ది చూసి
"నిప్పు కాదిది, జీడినూని" అంది.
ఆవిడ తలూపింది.
నేనింకా నోరు విప్పనేలేదు.

వాళ్ళ దేశపు మరల ధరకి తట్టుకోలేకే
మా బట్టీలు చల్లారాయని
పొద్దుటి రెండో స్లైడులో ఉంది.
ఆ మాట తవిటమ్మకి చెప్పలేదు.
చెప్పడం నా పనో కాదో
నియామక పత్రంలో రాయలేదు.

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.
మినిట్స్‌లో రాశాను:
పదకొండు నలభై. తేనీటి విరామం.

సాయంత్రం ఓచర్లు.
ఎనిమిది సంతకాలు, ఎనిమిది గౌరవ వేతనాలు.
టీ బిల్లు తవిటమ్మ పేరన ఆరు వందల నలభై.
ఇంకు పాడ్ మీద గట్టిగా నొక్కి
కాగితం మీద వేలు వేసింది.
ఒక్క గీత లేదు.
నేరేడు పండు రాలి పడ్డట్టు మరక.

నెల తిరక్కుండా ఆడిటరు వెనక్కి పంపాడు:
ముద్ర స్పష్టంగా లేదు, మరొకటి తీసుకోండి.

వివరణ రాయడం నా పనే, అది పత్రంలో ఉంది.
ఇంగ్లీషులో మొదలుపెట్టి కొట్టేశాను.
రూలు నంబరు వేసి కొట్టేశాను.
చివరికి
ఆవిడన్న నాలుగు మాటలూ తెలుగులోనే రాసి
ఓచరుకి గుండుసూది గుచ్చాను.

ఆడిటరుకి తెలుగు రాదని విన్నాను.
ఎవరో ఒకర్ని
అడక్క తప్పదు.