వాన పడ్డ గంటకే

ఉప్పుగూడలో మా ఇంటి బావి
బోనాల ముందు వారం
వాన పడ్డ గంటకే నిండింది.
గల్లీ అంతా ట్యాంకర్ కోసం బిందెలు వరస పెడుతుంటే
నేను గిలక దగ్గర నిలబడి
కొంచెం గర్వపడ్డాను కూడా.

మొదట అనుమానం వచ్చింది
రోజూ రెండు బిందెలు తోడుకెళ్లే ఖైరున్నీసా ఆపాకి.
"చాయ్ మీద తెట్టు కడుతోంది,
నీకూ అంతేనా?" అంది.
లేదన్నాను.

తర్వాత కందిపప్పు ఆరు విజిళ్లకీ ఉడకలేదు.
బకెట్ అడుగున వేలు పెడితే గరగర.
మోటారు మధ్యమధ్య గాలి మింగి దగ్గేది.
విన్నాను. అన్నీ విన్నాను.
పైన అద్దెకున్నవాళ్లకి చెప్పలేదు.

పూడిక తీసే మొగులయ్య
నీళ్లు రుచి చూడలేదు, వాసన చూడలేదు.
"వానెప్పుడు పడ్డది? నీళ్లెప్పుడు ఎర్రబడ్డయ్?"
అదొక్కటే అడిగాడు.

"మంచి బాయికి తొందరుండదమ్మా.
వాన మన్నుల నడిచి నడిచి
మూడోనాడో నాలుగోనాడో చేరాలె.
గంటల వచ్చిందంటే
అది ఊట కాదు, గండి."

చేతి అద్దంతో ఎండని లోపలికి వంచాడు.
ఏడో వరసలో రెండు రాళ్లు లేవు.
ఆ సందులోంచి కిందిదాకా
మోరీ నీళ్ల నల్లటి చార.
నేను మురిసిపోయిన నిండుదనం
అక్కణ్నుంచే వచ్చింది.

చేద విప్పి పక్కన పెట్టాను.
బిందె పట్టుకొని గల్లీలోకి వెళితే
వరసలో అప్పటికే ఉన్న ఆపా
కొంచెం జరిగి చోటిచ్చింది.
ఏమీ అడగలేదు.