నాలుగో రోజు రమ్మని

చిలోయె దీవిలో వాన ఆగదు,
మధ్యలో కాస్త విసుక్కుంటుంది, అంతే.
రేకుల కప్పు కింద ఒక్క గది వైద్యశాల.
కట్టెల పొయ్యి పక్కన గోరువెచ్చగా సెలైన్ సీసాలు.
నేను సూది పట్టి మూడు వారాలు.
ఏ గాయం కనబడినా కుట్టెయ్యాలని వేళ్ళకు ఒకటే దురద.

ఎదువినా నర్సు నా చేతిలోంచి సూది లాక్కుని
"ముందు అడుగు" అంటుంది.
ఎవర్ని?
"దాన్నే. నోరు తెరుచుకునే ఉందిగా."

పొద్దున్నే యస్నా వచ్చింది, ఏడేళ్ళది.
పడవ గొలుసు తగిలి మాడు చిట్లింది.
సూది చూడగానే బల్ల కింద దూరింది.
నర్సు గాయానికి అటో పాయ ఇటో పాయ తీసి
ఒక్క మెలిక తిప్పి, ఒక్క చుక్క జిగురేసింది.
జడేశారనుకుని పిల్ల అద్దం అడిగింది.

తర్వాత రోసెండా అవ్వ.
పొయ్యి తలుపు గీరుకుని ముంజేతి చర్మం
ఉల్లిపొరలా ముడుచుకుపోయింది.
"ఇక్కడ దారమే కత్తి" అంది నర్సు.
తడి దూదితో ఆ పొరను పరిచి పరిచి
నిద్రపోయే బిడ్డకి దుప్పటి సర్దినట్టు సర్ది
మధ్య మధ్య ఖాళీ వదిలి పట్టీలు అంటించింది.
అవ్వకు మాత్రం ఇంట్లో దుంపలు మాడుతున్నాయని దిగులు.

నా వంతు పడవల వడ్రంగి మోకాలు.
వంగే చోట జిగురు మాట నిలబెట్టుకోదట.
ఐదు కుట్లు వేశాను, చెమటతో.
ఆయన వంగి చూసి,
"నాలుగో మేకు కాస్త వాలింది" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకి నోల్బెర్తో.
ఆల్చిప్పల తాడు లాగుతుంటే అరచేయి తెగింది,
నిన్న మధ్యాహ్నం. పైన మురికి గుడ్డ.
"మూసెయ్యండి, రేపు పనికెళ్ళాలి."
అంచులు ముచ్చటగా కలుస్తున్నాయి.
నేను దారం పొట్లం చింపేశాను కూడా.

నర్సు కడిగింది. ఒక సీసా. రెండో సీసా.
ట్రేలో చిప్ప ముక్క టింగుమంది.
ధనుర్వాతం సూది వేసి,
తడి గాజు గుడ్డ మెత్తగా లోపల పెట్టి
పైన కట్టు కట్టింది.
"ఇంకా తెరిచే ఉంది!" అరిచాడతను.
"దొంగని లోపలుంచి గొళ్ళెం పెట్టమంటావా?
చెయ్యి కిందికి దించకు. నాలుగో రోజు రా.
శుభ్రంగా ఉంటే ఈ అబ్బాయి కుడతాడు."

తిట్టుకుంటూ వానలోకి పోయాడు.
చింపిన దారం చెత్తబుట్టలో పడేశాను.
ఆ రాత్రి ఆ అరచేయి
నా కళ్ళ ముందు మూసుకోలేదు.

నాలుగో రోజు పడవ ఆలస్యం.
సూది, కత్తెర, శ్రావణం
మూడుసార్లు లెక్కపెట్టాను.
కిటికీ మీద ఆవిరి తుడిస్తే
రేవు మెట్ల మీద ఎవరో,
చేతిని గుండెకెత్తి పట్టుకుని,
వానకి దాన్ని మాత్రం తడవనీయకుండా.