పాలపళ్ల విభాగం

తాడికొండ హైస్కూలు మైదానంలో
టేపు పట్టే పని నాది.
మూపురం ఇంత, గంగడోలు ఇంత,
నేను అంగుళాలు చెబుతుంటే
డాక్టరుగారు అట్ట మీద రాసుకుంటారు.

చెంచురామయ్య గారి కోడెదూడ.
కాటుక పెట్టినట్టు కళ్లు,
కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఒళ్లు.
ముత్తాత దాకా కాగితాలున్నాయి,
నాకు మా తాత పేరు వరకే తెలుసు.

సంకరజాతి వాటిని షామియానా వెనక,
మిరపకాయ టిక్కీలు దించే చోట కట్టేశారు.
అక్కడ అందం చూడరు, బకెట్టు చూస్తారు.
కరుణమ్మ ఆవుకి మూపురం లేచీ లేవనట్టు,
చెవి మీద ఎర్రమచ్చ,
పూటకి పదకొండు లీటర్ల ముప్పావు.
ఏ జాతని రాయమంటావంటే
"లాం ఫారం సూది, మా ఇంటి తవుడు,
ఏం రాసుకుంటావో రాసుకో" అంది.

మొదటి బహుమతి ప్రకటించారు.
డప్పులు, గులాము, ఫోటోలు.
మెడలో దండ పడిందో లేదో
కోడెదూడ పలుపు తెంపుకుంది.
జనం అరుస్తూ రెండుగా చీలారు.
అది ఎవర్నీ పొడవలేదు,
నేరుగా షామియానా వెనక్కి పోయి
ఎర్రమచ్చ ఆవు పొదుగు కుమ్మింది.

ఆవు అదిరిపడలేదు.
మెడ తిప్పి, దండతో సహా నాకింది.

"తల్లి ఈనగానే పోయింది లేవయ్యా"
చెంచురామయ్య గారు నేలకేసి చెప్పారు.
"ఆ పాల బాకీ ఇంకా అట్టాగే ఉంది"
కరుణమ్మ అందరికీ వినబడేట్టే అంది.

డాక్టరుగారు పెన్నుకి మూత పెట్టేశారు.
టేపు చుట్టుకుంటుంటే
నాలుగో అంగుళం దగ్గర
నురగ తగిలింది చేతికి.