నూటికి మూడు

మా ఇంట్లో రెండు పుస్తకాలు.
ఒకటి మేతల షాపు దశరథయ్య రాసిచ్చిన ఖాతా,
మూలలు నూనె తాగి మెత్తబడింది.
ఇంకోటి పోస్టాఫీసుది,
పాలిథిన్ కవర్లో చుట్టి, రెండు ముళ్ళేసి
బియ్యం డబ్బా అడుగున దాచింది కామాక్షి.
రెండూ ఒక గూట్లో ఉండకూడదంటుంది,
తెగులు అంటుకుంటుందట.

పెళ్ళైన ఏడాదికి
విడవలూరు అవతల రెండెకరాల గుంట కౌలుకి పట్టాను.
నలభై రెండో రోజు పొద్దున
రొయ్యలన్నీ గట్టువారకొచ్చి నిలబడ్డాయి,
నాతో ఏదో చెప్పాలన్నట్టు.
ఒకదాన్ని పట్టి తలపెంకు ఊడదీసి
ఎండకి అడ్డం పెట్టి చూశాను.
తెల్లమచ్చలు. సూదిమొనంత.
సీడుకి, మేతకి, డీజిలుకి కలిపి
రెండు లక్షల నలభై వేలు.

ఇప్పుడు అదే గుంటకి నేను రాత్రి కాపలా.
నీళ్ళు చిలుకుతా ఏరేటర్లు తిరుగుతుంటాయి.
ఆ చప్పుడు ఆగితే మెలకువొస్తుంది నాకు,
మోగితే నిద్రొస్తుంది.
కరెంటు పోయాక పది నిమిషాలు ఆలస్యమైతే
ఇంకెవడి ఇంట్లోనో ఒక ఖాతా పుస్తకం పుడుతుంది.
ఆ పరుగు విలువ నాకు తెలుసని
ఓనరు నెలకి వెయ్యి ఎక్కువిచ్చాడు.

నేను సైకిలు దిగేసరికి
ఆమె ఫ్యాక్టరీ బస్సు కోసం రోడ్డు మీదుంటుంది.
తాళంచెవి చేతులు మారుతుంది.
మా కాపురం చాలావరకు ఆ రోడ్డు మీదే.
పగలంతా ఐసులో రొయ్యలొలిచి
ఆమె వేళ్ళు నున్నగా అరిగిపోయాయి.
రేషను షాపు మిషను
మూడుసార్లు అడిగినా ఆమెని గుర్తుపట్టలేదు.
"నేను నేనే సామీ" అని డీలరుకి చెప్పుకుంది,
ఇంటికొచ్చి నాకు చెప్తా నవ్వింది.

ఒక ఆదివారం లెక్కకి కూర్చున్నాం.
"దశరథయ్యకి నెలకి నూటికి మూడు.
పోస్టాఫీసు మనకిచ్చేది ఏడాదికి నూటికి ఆరో ఏడో.
ఐదో తరగతి పిల్లోడికి తెలుస్తాది మే,
ఆ ఐదొందలు కూడా అప్పుకే కట్టేయాల."
ఆమె గోళ్ళ సందుల్లో నిమ్మతొక్క రుద్దుకుంటా అడిగింది:
"అప్పు తీరిన రోజు మన చేతిలో ఏముంటాది?"
"ఏముండదు."
"మరా రోజు రాత్రికి ఏం తింటాం?"

నా దగ్గర జవాబు లేదు. కోపం ఉంది.
ఆ కోపంతోనే, ఆశ్వీజంలో ఒక బుధవారం,
బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను.
మూసేద్దామని పుస్తకం తీసుకెళ్ళాను.
కౌంటరు కాడ అమ్మాయి తలెత్తకుండా
"సర్వర్ లేదు" అంది.
బెంచీ మీద గంటన్నర కూర్చున్నాను.
ఊరికే కూర్చోలేక పుస్తకం తెరిచాను,
అన్నీ ఐదొందలే.
ఒక్కో ముద్ర ఒక్కో పక్కకి ఒరిగి ఉంది.
నాకు జొరమొచ్చిన నెలలో కూడా ఉంది.
ఫ్యాక్టరీ పదకొండు రోజులు మూసిన నెలలో కూడా.
సర్వర్ వచ్చిందేమో నేను అడగలేదు.

మళ్ళీ కవర్లో చుట్టి అడుగున పెట్టాను.
ముడి మాత్రం నాది పడింది.
నేను గాలం ముడి తప్ప ఇంకోటి వెయ్యలేను.

ఆమె ఏమీ అనలేదు.
ఒకటో తారీకు రోడ్డు మీద తాళంచెవితో పాటు
ఐదొందల నోటు నా జేబులో పెట్టి
"ఈ నెల నించి నువ్వే కట్టు" అని బస్సెక్కింది.

అప్పట్నించీ రెండూ నేనే కడుతున్నాను.
దశరథయ్య కాడ లక్షా పదమూడు వేలకి దిగింది.
పోస్టాఫీసులో పదిహేను వేలకి ఎక్కింది.
ఒకటి పైకి, ఒకటి కిందికి.
ఏదో ఒక పొద్దున రెండూ ఎదురుపడి
మాలాగే తాళంచెవి మార్చుకుని పోతాయి.
ఆ నెలేదో గుంటగట్టు మీద పుల్లతో గీసి లెక్కేశాను.
కామాక్షికి చెప్పలేదింకా.
ఆ రాత్రి ఏం తినాలో కూడా కొంత అనుకున్నాను గానీ

చప్పుడు ఆగింది.
జనరేటర్ దాకా నూట పన్నెండు అడుగులు.