ఎనిమిది గ్లాసులు

హన్మకొండ బస్టాండుల పొద్దుగాల అయిదుంబావుకు
టికెట్ మిషను చార్జింగు చూసుకుంటాంటె
జేబుల ఫోను బుడుంగుమంటది.
"శుభోదయం కోమల గారూ, మొదటి గ్లాసు తాగారా?"
తాగిన, అని నొక్కుత.
సీసా మూత తియ్యలె.

ఈ యాప్ ఎక్కిచ్చింది ప్రణీత, డిపోల కొత్తగొచ్చిన పిల్ల.
"అక్కా, నీ పెదవులు మక్కపొట్టు లెక్కున్నయి" అని
ఎత్తడిగింది, బరువడిగింది, వయసడిగింది.
వయసు రెండేండ్లు తగ్గిచ్చి చెప్పిన.
దానితోని నా అబద్ధం ఆడ్నే షురువైంది.

తెర మీద ఒక ఆడమనిషి బొమ్మ.
గ్లాసు గ్లాసుకు కాళ్ల కాన్నుంచి నీలం ఎక్కుతది.
మల్లంపల్లి దాటంగ మోకాళ్ల దాక,
ములుగుల నడుము దాక.
"అద్భుతం!" అని కాయితం పూలు చల్లుతది.

నా లెక్క వేరే.
ఏ స్టేజి కాడ బాత్రూముకు తలుపున్నది,
ఏ తలుపుకు గొళ్లెమున్నది,
గొళ్లెమున్న కాడ బకెట్ల నీళ్లున్నయా.
మొగిలన్నకేంది, తాడ్వాయి అడవిల బండి ఆపి
టేకుచెట్టు యెనుకకు పోయొస్తడు.
ఆయనకు ఎంత లావున్నదో ఆ చెట్టు
నాకంత సన్నగుంటది.

అడుగులు గూడ లెక్కవెడ్తదట.
నిలవడ్డ కాడ నిలవడంగనే పదకొండు వేలు!
రోడ్డు మీది గుంతలన్ని నా నడకల జమ చేసింది.
"ఈ వారం మీరు చురుకైనవారు" అని మెడల్ ఇచ్చింది.
మా ఇంటాయనకు చూపెడితె
"అమ్ముతె ఎంతొస్తది?" అన్నడు.

ఎండలు ముదిరినంక మంట మొదలైంది.
బండి ఎగిరినప్పుడల్లా నడుములకు దబ్బనం దిగినట్టు.
ఎంజీఎంల చీటీ పట్టుకొని లైనుల నిలవడ్డ.
డాక్టరమ్మ చిన్నది. తల ఎత్తకుంటనే
"నీళ్లు మంచిగ తాగుతవా?" అన్నది.
ఫోను తీసి ముంగట వెట్టిన.
నలభై రోజులు, రోజుకు ఎనిమిది గ్లాసులు,
ఒక్కటి తప్పలె.
బొమ్మను చూసింది. నన్ను చూసింది.
"ఈమె మంచిగనే ఉన్నది.
నువ్వెట్లున్నవో చెప్పు."

చెప్పలె. గోలీలు తీసుకొని వచ్చిన.

శుక్రవారం ములుగు దాటినంక
బండ్ల కాలువెట్ట జాగ లేదు.
చేతులళ్ల ఆధార్ కార్డులు చూసుకుంట
సున్నా టికెట్లు కొట్టుకుంట నెట్టుకుంట పోతాన్న.
బుడుంగు.
నా జేబు కాదు.
కిటికి కాడ, రిజిస్టర్లు ఒళ్లె వెట్టుకున్న ఆశా వర్కరు
ఫోను తీసింది, ఇటటు చూసింది,
బొటనవేలుతోని టక్కున నొక్కింది.
సంచిల సీసా. మూత దాక నిండుగ.

నా చూపుకు దొరికిపోయింది.
"ఎన్నో గ్లాసు?" అన్న, టికెట్ అడిగినట్టే.
"నాలుగు" అన్నది. "మీది?"
"నాలుగే."
జర సేపు ఇద్దరం ఏం అనలె.
పసర వస్తాంటె లేసి నా చెవుల చెప్పింది:
"మా సబ్ సెంటరుల ఉన్నది మేడం.
తాళం నా కాడనే."

విజిల్ వేసిన.
"స్టేజి కాదు గద" అన్నడు మొగిలన్న.
"టేకుచెట్టు" అన్న.
అద్దంల నా మొకం చూసి ఇంజను బందు చేసిండు.
నా యెనుక ఒక ముసలమ్మ దిగింది,
ఆమె యెనుక సంక పిల్లతోని ఇంకొకామె,
ఇద్దరు కాలేజీ పిల్లలు,
మిర్చి ఏరవోయే ఎనిమిది మంది కూలోళ్లు.
రెండు నిమిషాలన్నది ఇరవై అయింది.

తాడ్వాయి అడవిల సీసా మూత తిప్పిన.
ఎండకు కాగిన నీళ్లు, ప్లాస్టిక్ వాసన.
సగం సీసా గటగట దిగింది.
అప్పుడు ఫోను ఏం అడగలె.

రాత్రి డిపోల, ఆలస్యానికి కారణం రాసియ్యిమన్నరు.
నొక్కి ఒడగొడ్దామంటె దానికి గడి లేదు.
పెన్ను పట్టుకొని చానసేపు కూసున్న.
మొదలువెట్టినంక
ఇంకో కాయితం అడిగిన.